డిఫెన్స్ వకీలుకు బడి ఎక్కడ?

"అన్నా, పాత 167 ఇప్పుడెంత?" 2024 జులై 1న కొత్త నేర చట్టాలు వచ్చాక నల్లగొండ బార్ హాల్లో చాన్నాళ్లు వినిపించిన మాట ఇదే. హత్య 302 పోయి 103 అయింది, మోసం 420 పోయి 318లో చేరింది, ముందస్తు బెయిలు 438 నుంచి 482కు మారింది. సెక్షన్లన్నీ నోటికొచ్చిన సీనియర్లు కూడా పిటిషన్ చెప్తూ చెప్తూ ఆగి గోడమీది పట్టిక వంక చూసేవారు. పట్టికతో తీరే ఇబ్బంది కాబట్టి అది తొందరగానే తీరింది. నా దిగులు వేరే చోట ఉంది.

రిమాండు సంగతి చూసే పాత 167, కొత్త నేర విచారణ చట్టంలో 187 అని పట్టిక చెబుతుంది. లోపల ఏం మారిందో చెప్పదు. ఇదివరకు పోలీసు కస్టడీ అంటే మొదటి 15 రోజుల్లోనే. ఇప్పుడు అవే 15 రోజుల్ని, నేరాన్నిబట్టి, మొదటి 40 లేదా 60 రోజుల్లో విడతలుగా అడగొచ్చు. అంటే బెయిలు వాదన కట్టుకునే తీరే మారాలి. సెషన్స్ కేసులో డిశ్చార్జి పిటిషనుకు కమిటల్ నుంచి 60 రోజులని 250వ సెక్షన్ గడువు పెట్టింది. పాత చట్టంలో ఆ గడువు లేదు. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా ఉంటే బాండు మీద వదలాలని 479 చెబుతుంది. ఉరి, యావజ్జీవం పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవాళ్లకూ ఇది వర్తించదు. తక్కినవాళ్ల విషయంలో వకీలుకు ఈ సంగతి తెలియకపోతే, జైలు సూపరింటెండెంటు కాగితం పంపేదాకా ఆ మనిషి లోపలే.

ఇవన్నీ నేర్పేదెవరు? జడ్జీలకు సికింద్రాబాదులో జ్యుడీషియల్ అకాడమీ ఉంది. పోలీసులకు హిమాయత్‌సాగర్ దారిలో పెద్ద అకాడమీ ఉంది. దేవరకొండలోనో ఆత్మకూరులోనో ముద్దాయి తరఫున నిలబడే వకీలు మాత్రం తన ఫీజులోంచి పుస్తకం కొనుక్కుని, రాత్రి తనే చదువుకోవాలి. నిజానికి 1961 అడ్వకేట్స్ చట్టం ఆరో సెక్షన్‌లోనే ఉంది: సెమినార్లు పెట్టడం, న్యాయ పత్రికలు అచ్చువేయడం రాష్ట్ర బార్ కౌన్సిల్ పనుల్లో భాగం, లా లైబ్రరీల కోసం నిధి కూడా పెట్టొచ్చు. ఫిలిప్పీన్స్‌లో ప్రతి వకీలూ మూడేళ్లకోసారి 36 గంటల చదువు చూపించాలి. మన దగ్గర బార్ పరీక్ష ఒక్కసారి గట్టెక్కితే, ఆ తర్వాత ఏం చదివావని అడిగేవాడు లేడు. అలాగని గంటలు లెక్కపెట్టి సర్టిఫికెట్లు పంచితే పని జరుగుతుందని నేను నమ్మను. కావాల్సింది కలిసి చదివే అలవాటు.

డిఫెన్స్ వకీలు చదువు బరువేంటో మా జిల్లాకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెలంగాణ రైతాంగ పోరాటానికి గుండెకాయ నల్లగొండ. ఆ పోరాటం కేసుల్లో హైదరాబాద్ రాష్ట్ర ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఉరిశిక్షలు వేస్తే, అది జనార్దన్ రెడ్డి కేసుగా సుప్రీంకోర్టుకు చేరి, 1951లో తీర్పయింది. మాకు సరిగా వకీలే లేడన్నది ఖైదీల వాదనల్లో ఒకటి. వకీలు లేనంత మాత్రాన ప్రతి ఉరి కేసూ చెల్లదనలేమని కోర్టు అన్నది. 2019లో అనోఖీలాల్ కేసు నాటికి మాట చాలా దూరం వచ్చింది. అక్కడ లీగల్ ఎయిడ్ వకీలును పెట్టిన రోజే చార్జీలు ఖరారు చేశారు, రెండు వారాల్లోపే తీర్పిచ్చారు. సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసి మళ్లీ విచారించమంది. ఉరి, యావజ్జీవం పడే కేసులో కోర్టు పెట్టే వకీలుకు కనీసం పదేళ్ల అనుభవముండాలి, తయారవడానికి మామూలుగా కనీసం ఏడు రోజులివ్వాలి అంది. వకీలు పక్కన నిలబడితే చాలదు, కేసు చదివి నిలబడాలి అన్నమాట.

2020 ఫిబ్రవరి 6న హాజీపూర్ హత్య కేసుల్లో, 2025 మార్చి 10న మిర్యాలగూడ ప్రణయ్ హత్య కేసులో ఉరిశిక్ష పడింది నల్లగొండ కోర్టులోనే. ఆ నేరాలు ఎంత ఘోరమైనవో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. అలాంటి కేసులోనే డిఫెన్స్ గట్టిగా ఉండాలి. శిక్ష ఖరారుకు ముందు ముద్దాయి మానసిక స్థితి, పెరిగిన తీరు, జైల్లో నడవడిక మీద నివేదికలు తెప్పించాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి నివేదిక ఎలా ఉంటుందో, ఎవరిని అడగాలో, అది చూసి ఏం వాదించాలో చూపించే నమూనా ఫైలు ఒక్కటైనా ప్రతి జిల్లా బార్‌లో ఉండొద్దా?

ఆ లోటు కొంతైనా తీరాలని వకీళ్లం కొందరం శనివారం సాయంత్రాలు కూర్చుంటున్నాం. తీర్పయిపోయిన కేసు చార్జిషీటు ఒకటి తెచ్చి, పేర్లు నల్లసిరాతో కొట్టేసి, ముందేస్తాం. క్లయింటు మాతో చెప్పుకున్న సంగతులు మాత్రం బల్ల మీదికి రావు. మొదట చూసేది ఎఫ్‌ఐఆర్ మీద మేజిస్ట్రేటు రాసుకున్న తేదీ, గంట. రాత్రి తొమ్మిదికి నమోదైనది పక్క వీధిలోని మేజిస్ట్రేటుకు మర్నాడు పదకొండుకు చేరితే, ఆ మధ్య ఏం జరిగింది? శవ పంచనామాలో క్రైమ్ నంబరు వేరే సిరాతో ఎందుకుంది? పంచులిద్దరూ ఏ ఊరివాళ్లు? మొన్న సీసీ కెమెరా పెన్‌డ్రైవ్ ఉన్న కేసు తీసుకున్నాం. "సర్టిఫికెట్ ఉంది కద సార్, ఇంకేం అడుగుతం?" అన్నాడు ఓ జూనియర్. పక్కనున్న సీనియర్ మేడమ్, "బి భాగం ఎవరు నింపిన్రో చూసినవా? అండ్ల హాష్ విలువ, పంచనామల హాష్ విలువ ఒక్కటేనా?" అన్నారు. కొత్త సాక్ష్యాధార చట్టం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికిచ్చే ఆ సర్టిఫికెట్‌కు రెండు భాగాలు. రెండోది నిపుణుడు నింపాలి. హాష్ విలువంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటిది. పిల్లవాడు మళ్లీ మొదటి పేజీ నుంచి తిప్పాడు. క్రాస్‌లో అడగాల్సిన ప్రశ్నలు ఆ సాయంత్రమే రాసుకున్నాడు. ఏ పుస్తకమూ ఇంత వేగంగా నేర్పదు.

పాలమూరు వైపు ఈ అవసరం ఇంకా ఎక్కువ. 2016లో జిల్లాలు చీలాయి, తర్వాత నారాయణపేట కూడా వేరైంది, 2022 జూన్ 2న కొత్త జిల్లా కోర్టులు మొదలయ్యాయి. కక్షిదారుకు బస్సు చార్జీ తగ్గింది, అది నిజంగా మంచి పని. కానీ ఏళ్ల తరబడి కూడిన జర్నళ్లు, వాటిని ఎక్కడ వెతకాలో తెలిసిన సీనియర్లు పాత జిల్లా కేంద్రంలోనే ఉండిపోయారు. సుప్రీంకోర్టు అధికారిక రిపోర్టుల్లోని తీర్పులు 2023 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితం, కొన్ని తెలుగులోనూ దొరుకుతున్నాయి. తీర్పు దొరకడం వేరు, మన కేసుకు ఏ తీర్పు పనికొస్తుందో చెప్పే మనిషి దొరకడం వేరు. పైగా అచ్చంపేటలో చెంచు ముద్దాయి, దేవరకొండ తండా నుంచి వచ్చిన తల్లి చెప్పేది వాళ్ల మాటల్లో వినడం ఏ తీర్పులోనూ ఉండదు. ఆ తండా మాట లంబాడా వకీళ్లే మాకు నేర్పాలి.

2022లో జాతీయ న్యాయసేవల సంస్థ నాల్సా తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతిలో జిల్లాకో ఆఫీసు, జీతం మీద పనిచేసే వకీళ్లు వచ్చారు. వాళ్లకిచ్చే శిక్షణకు బయటి డిఫెన్స్ వకీళ్లనూ కూర్చోనివ్వాలని నా విన్నపం. రాష్ట్ర బార్ కౌన్సిల్ ఆరో సెక్షన్ కింద నిధి పెట్టి, అందులోంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, నారాయణపేట బార్లకు తలా ఒక లైబ్రరీ గది, ఒక జర్నల్ చందా ఇప్పించాలి. అది వచ్చేదాకా మా ఫైళ్లే తిరుగుతాయి. వచ్చే శనివారం డిశ్చార్జి పిటిషన్లు, వాటి 60 రోజుల గడువు తీసుకుంటున్నాం. కల్వకుర్తి, కొల్లాపూర్ వాళ్లు ఫోన్లో కలుస్తామన్నారు. నమూనా పిటిషను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ముందురోజే పంపుతాం.