వాడుకరి పరీక్ష – పాఠపరిష్కరణ: ఇన్‌స్టాగ్రామ్ తెరరూపంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ఫోటో యాప్‌ల తెరరూపాన్ని వాడుకరి పరీక్షల ద్వారా సవరించే పద్ధతిని ఇన్‌స్టాగ్రామ్ ఉదాహరణగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరీక్ష విలువ దాని కొలమానం మీద, అందులో పాల్గొన్నవారి భాష మీద ఆధారపడి ఉంటుందని ప్రతిపాదిస్తుంది.

ముఖ్యపదాలు: వాడుకరి పరీక్ష, తెరరూపం, పాఠపరిష్కరణ, తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం

తాళపత్రప్రతులను సేకరించి, పాఠాంతరాలను పోల్చి, సాధుపాఠాన్ని నిర్ణయించే పద్ధతి తెలుగు పరిశోధకులకు సుపరిచితం. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులను సేకరించి, ఎంపిక చేసిన పద్యాలను 1829లో ప్రచురించాడు. సాఫ్ట్‌వేర్ రంగంలోని 'యూజర్ టెస్టింగ్' కూడా ఒక విధమైన పరిష్కరణే. నమూనాను కొందరి చేతికిచ్చి, ఒక పని అప్పగించి, వారు తడబడిన చోటును గుర్తించి సవరిస్తారు. అయితే పరిష్కర్త కవి రచించిన మూలపాఠాన్ని అన్వేషిస్తాడు. యాప్ రూపకర్తకు అటువంటి మూలం లేదు. వాడుకరి ప్రవర్తనే ప్రమాణం. ఈ ప్రమాణాన్ని ఎంతవరకు విశ్వసించవచ్చుననేది ఇక్కడి ప్రశ్న.

2. తొలగింపే పరిష్కరణ

కెవిన్ సిస్ట్రమ్, మైక్ క్రీగర్ తొలుత రూపొందించిన యాప్ పేరు 'బర్బన్'. తామున్న చోటును తెలపడం, కలుసుకోవడానికి ప్రణాళికలు వేసుకోవడం, ఫోటోలు పంచుకోవడం వంటి అనేక సౌకర్యాలు అందులో ఉండేవి. వాడుకరులు ఎక్కువగా ఆదరించింది ఫోటోలనే. రూపకర్తలు దానిని గమనించి ఫోటో, వ్యాఖ్య, లైక్ ప్రధానంగా ఉంచి తక్కినవాటిని దాదాపుగా తొలగించారు. 2010 అక్టోబరు 6న ఇన్‌స్టాగ్రామ్ విడుదలైంది. ఆ డిసెంబరుకే వాడుకరులు 10 లక్షలకు చేరారు. తన ఫోటోలు మిత్రుడి ఫోటోలంత బాగుండవని సిస్ట్రమ్ సహచరి వెలిబుచ్చిన సంకోచమే ఫిల్టర్ల ఆలోచనకు దారితీసింది. ఆమె చెప్పినది బటన్‌లోని లోపం కాదు, మనసులోని జంకు. లెక్కలకు అందని ఈ అంశాన్ని పట్టుకోగలగడమే ఆనాటి పరిశీలనలోని బలం.

3. కొలమానం మారినప్పుడు

2022లో ఫోటోలు, వీడియోలు తెరనంతటినీ ఆక్రమించే రూపాన్ని ఇన్‌స్టాగ్రామ్ కొందరు వాడుకరులపై పరీక్షించింది. అనుసరించని ఖాతాల పోస్టులూ ఎక్కువయ్యాయి. తీవ్ర నిరసన రావడంతో జులై చివరిలో ఆ పరీక్షను ఉపసంహరించి, సిఫారసులను తాత్కాలికంగా తగ్గిస్తామని సంస్థ ప్రకటించింది. 2010లో వాడుకరి అలవాటు నుండి రూపం పుట్టింది. 2022లో టిక్‌టాక్‌తో పోటీ నుండి రూపం పుట్టి, వాడుకరి ఆమోదం కోసం ఎదురుచూసింది.

అయితే ఆక్షేపణ ఒక్కటే ప్రమాణం కాజాలదు. 2006లో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్‌ను లక్షలమంది వ్యతిరేకించినా అది నిలిచింది. నిలవడం కూడా ఇష్టానికి రుజువు కాదు; ఎక్కువసేపు చూడడం వేరు, మెచ్చడం వేరు. కనుక ప్రవర్తనను, మాటను పక్కపక్కన పెట్టి చదవాలి. పాఠాంతరాల మధ్య పరిష్కర్త పాటించే వివేకమే ఇక్కడా అవసరం.

4. పరీక్షకు అందని వాడుకరి

అయిదుగురిని పరీక్షిస్తే సుమారు 85 శాతం లోపాలు బయటపడతాయని జేకబ్ నీల్సన్ 2000లో వాదించాడు. ఇది ఒకే తరహా వాడుకరులకు వర్తించే సూత్రం. భిన్నవర్గాలను విడిగా పరీక్షించాలని ఆయనే చెప్పాడు. ఆంగ్లంలో పరీక్షించిన తెరను తెలుగులోకి మార్చినప్పుడు ఈ హెచ్చరిక ప్రాధాన్యం తెలుస్తుంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. రోమన్ లిపి ఎత్తుకు కొలిచిన బటన్‌లో ఒత్తు తెగితే 'ఇష్టం' 'ఇషం'గా కనిపిస్తుంది. ఆంగ్లంలో 'పోస్ట్' నామమూ క్రియా కూడా. తెలుగులో రెండింటికీ వేర్వేరు రూపాలు కావాలి. 'చేయి' అనాలా, 'చేయండి' అనాలా అన్నది మర్యాదకు సంబంధించిన నిర్ణయం. సందర్భం లేకుండా విడివిడి పదాలను అందుకున్న అనువాదకుడికి ఈ చిక్కులు కనిపించవు. తెర ముందు కూర్చున్న తెలుగు వాడుకరి తడబాటులోనే అవి బయటపడతాయి.

5. ఉపసంహారం

పరిష్కరణ నాణ్యత సేకరించిన ప్రతుల మీద ఆధారపడినట్లే, తెరరూపం నాణ్యత పరీక్షలో పాల్గొన్నవారి మీద ఆధారపడుతుంది. తెలుగువారు లేని పరీక్ష తెలుగు తెరకు ఒక ప్రాంతపు ప్రతులను వదిలేసిన పరిష్కరణ వంటిది. లిపి, మర్యాదావాచకాలు, పదరూపాలపై అధికారం గల తెలుగు శాఖలు ఈ పనిని సాంకేతిక నిపుణులకే విడిచిపెట్టడం తగదు. అనువాద నిఘంటువులతో పాటు తెలుగు వాడుకరుల పరిశీలన కూడా మన పరిశోధనాంశం కావాలి.