ఏరికూర్చిన పాట – మరుగైన కవి: కృష్ణశాస్త్రి సినీగీత సంకలనాలు

వ్యాస సంగ్రహం:
ప్రసిద్ధ గీతాలను ఏరికూర్చిన క్యాసెట్లు, సీడీలు శ్రోతల జ్ఞాపకాన్ని నిలిపాయి. అదే సమయంలో పాట పుట్టిన కాలాన్నీ సందర్భాన్నీ మరుగుపరిచాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినీగీతాలు ఆధారంగా ఈ రెండు పార్శ్వాలనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కృష్ణశాస్త్రి, భావకవిత్వం, సినీగీతం, సంకలనం, గాయకస్వరం.

1. ఉపోద్ఘాతం:
ఏరికూర్చడం కూడా ఒక విధమైన వ్యాఖ్యానమే. ఆధునిక కవిత్వాన్ని ఎలా చదవాలో ముద్దుకృష్ణ ‘వైతాళికులు’ (1935) తన ఎంపిక ద్వారానే పాఠకులకు చూపింది. ‘ఆణిముత్యాలు’, ‘హిట్స్’ అనే పేర్లతో వెలువడిన పాటల సంకలనాలు సినీగీతం విషయంలో అదే పని చేశాయి. పిఠాపురం ప్రాంతంలో 1897లో జన్మించి, ‘కృష్ణపక్షం’ (1925)తో భావకవిగా, ‘మల్లీశ్వరి’ (1951)తో సినీకవిగా ప్రసిద్ధుడైన కృష్ణశాస్త్రి పాటలు ఈ పరిశీలనకు తగిన ఉదాహరణలు.

2. ఒక గీతం – రెండు కాలాలు:
సంకలనాల్లో ‘ఆకులో ఆకునై’ గీతం ‘మేఘసందేశం’ (1982) పాటగా కనిపిస్తుంది. కవి 1980లో మరణించాడు కనుక శ్రోత దీన్ని ఆయన చివరి రచనల్లో ఒకటిగా భావించే అవకాశం ఉంది. నిజానికి ఇది ‘కృష్ణపక్షం’లోని కవిత. అక్కడ ఇది లోకానికి దూరంగా ప్రకృతిలో లీనం కావాలనుకొనే ఏకాకి స్వేచ్ఛాకాంక్ష. రమేశ్ నాయుడు సంగీతంలో, పి. సుశీల గొంతులో అదే కాంక్ష ఆత్మసమర్పణ ఛాయను పొందింది. చిత్రం పేరు, సంవత్సరం మాత్రమే ముద్రించిన అట్టమీద 57 ఏళ్ల ఈ ప్రయాణం కనిపించదు. భావకవిత్వం సినిమాలోకి ప్రవేశించి తన అర్థాన్ని విస్తరించుకొన్న తీరూ తెలియదు.

3. కథ తొలగిన పాట:
‘మల్లీశ్వరి’లో దూరమైన ప్రేయసీప్రియులు మేఘాన్ని ఉద్దేశించి పాడే గీతం కథలో భాగం. ఇద్దరి మధ్య ఉన్న దూరమే ఆ పాటకు ప్రాణం. సంకలనంలో ఆ కథ ఉండదు. మిగిలేది ఘంటసాల, భానుమతి గొంతుల్లోని విరహం మాత్రమే. ఇది నష్టమే అయినా పూర్తిగా నష్టం కాదు. ఈ గీతాన్నీ ‘మేఘసందేశం’ గీతాలనూ వెంటవెంటనే విన్న శ్రోతకు మూడు దశాబ్దాల దూరం దాటి ఒకే విరహభావన వినిపిస్తుంది. విడివిడిగా సినిమాలు చూసినవారికి తట్టని ఈ పోలికను చూపడం సంకలనం చేసిన మేలు.

4. మూగవోయిన గొంతు:
సభల్లో తన వాగ్ధాటితో, కవితాపఠనంతో యువతరాన్ని ఆకట్టుకొన్న కృష్ణశాస్త్రి 1963లో అనారోగ్యం వల్ల గొంతు కోల్పోయాడు. ‘సుఖదుఃఖాలు’ (1968), ‘ఏకవీర’ (1969) చిత్రాలకు ఆయన రాసిన పాటలు ఆ తరువాతివే. తాను పలకలేని మాటను ఇతరుల గొంతుకు అప్పగించిన కవి రచనలివి. సంకలనాలు గాయకుల పేర్లతో వెలువడినప్పుడు ఈ కవి పేరు చిన్న అక్షరాల్లోకి జారుతుంది, లేదా పూర్తిగా లోపిస్తుంది. కవి గొంతును వ్యాధి హరించింది. పేరును సంకలనం హరించకూడదు.

5. ముగింపు:
• సంకలనం పాటకు ఆయుష్షు పోస్తుంది. కానీ చిత్రం విడుదలైన సంవత్సరాన్నే రచనాకాలంగా భ్రమింపజేస్తుంది.
• రచనాకాలం, తొలి ముద్రణ, చిత్రం, గాయకులు అనే నాలుగు వివరాలనూ పక్కపక్కన చేర్చితే ఈ లోపం చాలావరకు తీరుతుంది.
• కృష్ణశాస్త్రి భావకవిత్వాన్నీ సినీగీతాలనూ వేర్వేరు అధ్యాయాలుగా బోధించే పద్ధతిని పునఃపరిశీలించాలి. ‘ఆకులో ఆకునై’ ఒక్కటే ఆ విభజన నిలవదని నిరూపిస్తుంది.