నాలుగు వాక్యాల ఉద్యోగం

లా చదివి నల్లకోటు వేసుకోనివాళ్లను మన దగ్గర అదోలా చూస్తారు. ‘ప్రాక్టీసు పెట్టలేదా?’ అని అడిగితే నా పనేమిటో చెప్పడం ఇప్పటికీ కష్టమే. తీర్పులు చదువుతాను. లా జర్నల్లో వాటి పైన అచ్చయ్యే హెడ్‌నోట్ రాస్తాను. నా వాటాకొచ్చేవన్నీ డబ్బు తగాదాలు: చెక్ బౌన్సులు, బ్యాంకు బాకీలు, సర్ఫేసీ చట్టం కింద ఆస్తుల వేలాలు. నలభై పేజీల తీర్పైనా నాలుగైదు వాక్యాల్లోకి రావాలి.

కుదించడం పెద్ద కష్టం కాదు. ఏది ఎవరి మాటో పట్టుకోవడమే కష్టం. బ్యాంకు లాయరు ఏమన్నారు, అప్పు తీసుకున్నాయన లాయరు ఏమన్నారు, కింది కోర్టు ఏమంది... అన్నీ ఒకే గంభీరమైన భాషలో వరసగా సాగిపోతాయి. లాయరు వాదనను పొరపాటున కోర్టు మాటగా అచ్చువేస్తే, ఎక్కడో ఒక జూనియర్ దాన్నే నమ్ముకుని ట్రిబ్యునల్ ముందు నిలబడతాడు. అందుకే ముందు పెన్సిలు పట్టుకుని మార్జిన్‌లో గుర్తులు పెట్టుకుంటాను. కోర్టు సొంతంగా తేల్చిన చోటు దొరికాక ఇంకో ప్రశ్న: కేసు తేలడానికి ఈ మాట అవసరమైందా, లేక మాటవరసకు అన్నదా?

చెక్కు కేసుల్లో తరచూ తేదీల దగ్గరే అంతా తేలుతుంది. చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో నోటీసివ్వాలి. అది అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు. అవి దాటితే నెలలోపు ఫిర్యాదు. 1999 నాటి సాకేత్ ఇండియా కేసు చూడండి. నోటీసు 1995 సెప్టెంబరు 29న అందింది. పదిహేను రోజులూ అక్టోబరు 14తో అయిపోయాయి. ఫిర్యాదు నవంబరు 15న వేశారు. అక్టోబరు 15ను లెక్కలో కలిపితే ఒక్కరోజు ఆలస్యం, వదిలేస్తే సకాలం. వదిలేయాలంది సుప్రీంకోర్టు. తర్వాత దానిమీద భిన్నాభిప్రాయాలొస్తే, 2013లో ఎకాన్ ఆంత్రి కేసులో ముగ్గురు న్యాయమూర్తులు ఆ లెక్కే సరైందని తేల్చారు.

ఇలాంటి తీర్పుకు హెడ్‌నోట్ రాసేటప్పుడు చెక్కు ఎంతకు, ఎందుకిచ్చారన్నవి పక్కకు పోతాయి. తేదీలు మాత్రం ఉండి తీరాలి. ‘మొదటి రోజు కలపరాదు’ అని ఊరుకుంటే ఏది మొదటి రోజో చదివేవాడికేం తెలుస్తుంది? పైగా అప్పట్లో ఆలస్యాన్ని మన్నించే వీలే లేదు. అది 2002 సవరణతో వచ్చింది. పాత తీర్పు పక్కన ఆ సంగతీ చెప్పాలి.

ఇదంతా గుమాస్తా పనేనంటారు కొందరు. ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోదక్ కేసులో 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు అలా అనలేదు. తీర్పు పాఠం ఎవరి సొత్తూ కాదంది. అచ్చుతప్పులు దిద్దినంత మాత్రాన కాపీరైటు హక్కు రాదంది. కానీ పేరాలు విడదీసి నంబర్లు వేయడానికి, ఏ న్యాయమూర్తి ఏకీభవించారో, ఎవరు విభేదించారో సూచించడానికి చట్టం తెలియాలి, విచక్షణ ఉండాలి, కాబట్టి వాటికి రక్షణ ఉంటుందంది.

అయినా హెడ్‌నోట్ తీర్పులో భాగం కాదు. బాగా కుదిరితే అసలు తీర్పు చదవక్కర్లేదనిపిస్తుంది. దాంతో వచ్చే ప్రమాదమే అది. అందుకే ప్రతి వాక్యం చివరా పేరా నంబరు వేస్తాను. నా మాట నమ్మమని కాదు, లోపలికెళ్లి సరిచూసుకోమని.