వానలో బొగ్గుట్ట రుచి

నారాయణఖేడ్‌లో పెరిగినవాళ్లకు రొట్టె అంటే జొన్నరొట్టె. ఉడుకునీళ్లు పోసి పిసికి, పిండిని అరచేత్తో తట్టాలి. గోధుమపిండిలో ఉండే సాగే గుణం జొన్నకు లేదు. చెయ్యి ఏమాత్రం తడబడినా అంచు పగులుతుంది. ఆ చేతుల్ని చూస్తూ పెరిగినందుకేమో, ఏ ఊరు పోయినా నా చూపు ముందు వండేవాళ్ల చేతుల మీదికే పోతుంది.

మొన్నటి ముసురులో ఇల్లందు వెళ్లాను. బొగ్గుట్ట అన్నా ఆ ఊరే. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు జాడ కనుక్కొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులొచ్చాయి. పక్కనున్న సింగరేణి ఊరి పేరే తర్వాత కంపెనీ పేరైంది.

గట్టి వాన పడితే ఓపెన్‌కాస్టు గనిలో నీళ్లు నిలుస్తాయి, దారులు బురదై డంపర్లు కదలవు. పొయ్యిలు మాత్రం ఆగవు. నైట్ షిఫ్టు దిగినవాళ్లకు పొద్దుటి ఇడ్లీయే రాత్రి భోజనం. అంత అలసటతో వచ్చిన ఆకలికి వండేచోట నీళ్ల చట్నీ చెల్లదు. బొగ్గుట్టలో నేను తిన్న పల్లీచట్నీ చిక్కగా, కారంగా ఉంది. వాము, చింతపండు కూరిన మిర్చిబజ్జీని నూనెలోంచి తీసీ తీయగానే చీల్చి, ఉల్లిముక్కలు చల్లి, నిమ్మకాయ పిండి ఇచ్చారు. వేరేచోట్ల తినే బజ్జీకీ దీనికీ తేడా పిండిలో లేదు, వేడిలో ఉంది. ఇక్కడ ముందే వేయించి పెట్టిన కుప్ప కనిపించలేదు.

అసలు మెచ్చుకోవాల్సింది మొక్కజొన్న కంకి. గొడుగు కింద కూర్చున్న ఒక పెద్దమ్మ కుంపటిలో కట్టెబొగ్గు కణకణలాడుతోంది.

"రాతిబొగ్గు ఊళ్లో కట్టెబొగ్గెందుకు పెద్దమ్మా?"

"దానిమీద కాలిస్తే గంధకం వాసన పడ్తది బిడ్డా. తినలేవు."

కంకి పొట్టు కాస్త ఒలిచి, గోటితో గింజ నొక్కి, పాలు చిమ్మితేనే కుంపటి మీదికి పోనిస్తుంది. పాలు లేకపోతే పక్కన పెడుతుంది. ఒక చేత్తో విసురుతూ, ఇంకో చేత్తో తిప్పుతూ, ఏ వరుసా మాడకుండా కాలుస్తుంది. ఇంత నేర్పుకు మనం ఇస్తున్న ధర చాలా తక్కువనిపించింది.

గింజ ముదిరితే ఈ రుచి ఉండదు. వెళ్లాలనుకునేవాళ్లు ఈ వానల్లోనే, షిఫ్టు మారే వేళకు వెళ్లండి.