పేవ్‌మెంటు మీది నవలలు

పాత పుస్తకాల బేరమంటే మగవాళ్ల వ్యవహారమని మన ఇళ్లలో ఓ అభిప్రాయం పాతుకుపోయింది. ఆదివారం పొద్దున్నే సంచీ పుచ్చుకుని ఆబిడ్స్ వెళ్లేది ఆయన; తెచ్చినవాటి దుమ్ము దులిపేది ఆవిడ! కాని హైదరాబాదులో ఆదివారంపూట మూసిన షాపుల ముందు పరిచే ఆ గుట్టల్లో మన ఆడవాళ్ల చదువుల చరిత్ర బోలెడంత పడి ఉంటుందంటే నమ్ముతారా?

నేను చెప్పేది అచ్చు పుస్తకాల గురించి కాదు. పత్రికలో వచ్చే సీరియల్‌ని వారంవారం చింపి, దాచి, వరస పెట్టి, ఇంట్లో దబ్బనంతో కుట్టుకున్నవో, బైండు చేయించుకున్నవో ఉంటాయే, వాటి సంగతి. వాటికి ప్రచురణకర్త లేడు, వెల లేదు. అట్ట మీద నవల పేరు గుండ్రటి చేతిరాతలో ఉంటుంది. పేజీ నంబరు ఒక వారం 40 అయితే మరో వారం 12. మధ్యలో ఒక వారం అసలుండదు. పక్కింటివాళ్లు పట్టుకెళ్లి ఇవ్వలేదన్నమాట!

ఆ రోజుల్లో విమర్శకులు చాలామంది ఈ నవలల్ని తేలిగ్గా తీసిపారేశారు. సాగదీత అన్నారు. ప్రకరణం చివర మెలిక పెట్టి ఊరిస్తారన్నారు. వాళ్లు చదివింది పుస్తకంగా, ఒక్క బిగిన. కుట్టిన సీరియల్ తిరగేసి చూడండి. కథానాయిక కన్నీళ్లు పెట్టుకున్న పేజీకి వెనకే వడియాలు పెట్టే విధానం, పక్కన తలనూనె ప్రకటన. ఏడు రోజులు వంటింటి పనుల్లో మునిగే మనిషి కథ మరిచిపోకుండా ఉండాలంటే ఆ మెలిక పెట్టక ఏం చేస్తారు? పుస్తకం వేసేటప్పుడు బొమ్మలూ, ప్రకటనలూ, వారం రోజుల ఎదురుచూపూ పోయాయి. మెలికలు మాత్రం మిగిలాయి. అందుకే అవి ఎబ్బెట్టుగా కనిపించాయి.

అలాగని అన్నీ గొప్పవనడం లేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ 1976లో సినిమా కూడా అయింది. అందులో ఉద్యోగం చేసుకునే పిల్ల ఆత్మాభిమానం ఉంది. అనుకరించిన వాళ్లలో చాలామంది కథానాయకుడి కారుని పట్టుకున్నారు, ఆ ఆత్మాభిమానాన్ని వదిలేశారు. ఆ రెంటికీ తేడా గుట్ట ముందు కూచుని నాలుగు పేజీలు చదివితే తెలిసిపోతుంది.

ఇంగ్లీషు డాక్టరీ పుస్తకానికి వందలు చెప్పే అమ్మకందారు ఈ కట్టల్ని మాత్రం “ఎంతోకొంత ఇవ్వండమ్మా” అంటాడు. అతన్ననుకుని లాభంలేదు. అవి అతని దాకా వచ్చిందే కిలోల లెక్కన. ఇంట్లో పెద్దావిడ పోయాక ముందు ఖాళీ అయ్యేది ఆవిడ ట్రంకుపెట్టే కదా!

పోనీ, ఆ పేవ్‌మెంటైనా శాశ్వతమా? ఢిల్లీలో దర్యాగంజ్ ఆదివారం పుస్తకాల బజారుని 2019లో హైకోర్టు ఉత్తర్వుతో పేవ్‌మెంటు మీంచి లేపేశారు. తరవాత మహిళా హాట్ ఆవరణలో చోటిచ్చారు. పుస్తకాలకి నీడ దొరికింది, మంచిదే. కాని ప్రహరీ లోపలికి పనిగట్టుకుని వెళ్లేవాళ్లే వెళతారు. కుట్టిన సీరియల్ కొనాలని ఇంట్లోంచి ఎవరూ బయల్దేరరు. దారినపోతుంటే అది కంటపడాలంతే.

అంచేత, మీ అమ్మగారిదో అత్తగారిదో అలాంటి కట్ట అటక మీద ఉంటే, పాతపేపర్లతోపాటు తూకానికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి. అట్ట లోపల పత్రిక పేరూ, సంవత్సరమూ, కుట్టినావిడ పేరూ రాసిపెట్టండి. అచ్చయిన నవల ఏ లైబ్రరీలోనైనా దొరకొచ్చు. వడియాలతో సహా దొరకడం మాత్రం కష్టం.