మాటల వలస

మా జిల్లాలో ఊళ్ళ పేర్లలోనే వలస ఉంది. ఆమదాలవలస అందరికీ తెలుసు. మా కోటబొమ్మాళి దగ్గర నారాయణవలస ఉంది, పశువుల సంతకి పేరున్న ఊరు. ఇప్పుడు ఈ ఊళ్ళనించే కుర్రాళ్ళు చెన్నైకీ హైదరాబాదుకీ పోతున్నారు. అందుకే, "వికేంద్రీకృత సామాజిక మాధ్యమాల్లో నచ్చకపోతే మీ ఖాతాతో సహా వేరేచోటికి వలస పోవచ్చు" అన్న మాట వినగానే నాకు ఆసక్తి పుట్టింది. వలసంటే ఏమిటో మాకు ఒకరు చెప్పాలా? నాలుగేళ్ళు వాడి చూశాక, ఆ మాటలో నిజమెంత, ఆశ ఎంత అని తూకం వేద్దామనే ఈ వ్యాసం.

అసలు నేనెందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. మా మేనత్త నోటి మాటలు పోగుచెయ్యడం నాకో పిచ్చి. చోడంబలి, కళ్ళం, కంబారి, బుగత, ఒగ్గీడం... ఒక్కో మాట వెనకా ఆవిడకో ముచ్చట ఉంటుంది. బుగతంటే ఆసామి అని నిఘంటువు చెప్పి ఊరుకుంటుంది. బుగత ఇంటిముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచినవాళ్ళ గురించి అత్త చెప్తుంది. వీటిని ఐదేళ్ళపాటు ఓ పెద్ద సామాజిక మాధ్యమంలో రాశాను. కింద వ్యాఖ్యల్లో మందస నించి ఒకరు, బొబ్బిలి నించి ఒకరు, తాతల కాలంలో రైల్వే పనికి ఖరగ్‌పూర్ పోయి అక్కడే ఉండిపోయిన కుటుంబం నించి ఒకరు, "మా ఇంట్లో దీన్ని ఇలా అంటాం" అని చేరుస్తూ ఉండేవారు. ఓ రోజు పొద్దున్నే చూస్తే ఖాతా మూసేసి ఉంది. కారణం ఒక్క వాక్యం, అదీ ఎవరికైనా పంపగలిగే వాక్యం. అర్జీ పెట్టుకున్నాను, జవాబు లేదు. నా రాతలకి కొంత నకలుంది. ఆ వ్యాఖ్యలకి లేదు. రాసినవాళ్ళ పేర్లు కూడా సగం గుర్తులేవు.

అత్తకి చెప్తే, "ఒకడి అరుగు మీద కూకోని కబుర్లాడితే, ఆడు పొమ్మన్నప్పుడు పోవాల గదేట్రా!" అంది.

మాస్టడాన్ వాళ్ళు చెప్పేదీ అదే. 2016లో యూజెన్ రోచ్కో మొదలుపెట్టిన మాస్టడాన్ ఒక సైటు కాదు, ఎవరైనా తమ సర్వర్లో పెట్టుకుని నడుపుకోగల సాఫ్ట్‌వేర్. ఒక్కో సర్వరూ ఒక్కో ఊరనుకోండి. ఎవరి కట్టుబాట్లు వాళ్ళవి. ఊరికీ ఊరికీ మధ్య కబురు నడిచే పద్ధతి పేరు యాక్టివిటీపబ్. 2018 జనవరిలో డబ్ల్యూ3సీ దాన్ని ప్రమాణంగా ఆమోదించింది. అన్ని అరుగులకీ ఒక్కడే యజమాని కాడు కాబట్టి, అందర్నీ ఒకేసారి పొమ్మనగలవాడూ లేడు. 2019 నవంబరులో, న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాని ట్విటర్ నిలిపేసిందన్న కోపంతో మన దేశంలో చాలామంది మాస్టడాన్‌కి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగొచ్చేశారు కూడా. చుట్టాలంతా పాత ఊళ్ళోనే ఉంటే కొత్త ఊళ్ళో ఎన్నాళ్ళుంటారు?

దీని గురించి చెప్పేవాళ్ళంతా "ఇది ఈమెయిల్ లాంటిది" అంటారు. ఏ కంపెనీ చిరునామా నించైనా ఏ చిరునామాకైనా ఉత్తరం రాసుకోవచ్చు కదా, అలాగన్నమాట. పోలిక బానే ఉంది, కానీ దాన్ని చివరిదాకా ఎవరూ లాగరు. మా ఊళ్ళో ఎవరి ఈమెయిల్ అడిగినా చివర జీమెయిలే. పద్ధతి వికేంద్రీకృతమే, జనం మాత్రం ఒక్కచోటే చేరారు. మాస్టడాన్‌లోనూ అన్నిటికన్నా పెద్ద ఊరు, దాన్ని తయారుచేసినవాళ్ళు నడిపే ఊరే. వికేంద్రీకరణ సాఫ్ట్‌వేర్‌లో రాసి ఉన్నంత మాత్రాన మనుషుల్లోకి రాదు.

ఇక వలస సంగతి. నేను చేరిన చిన్న సర్వర్‌ని ఒకే ఒక్క మనిషి సొంత డబ్బుతో నడిపేవారు. రెండేళ్ళకి ఆయనకి ఓపిక అయిపోయింది. మూడు నెలల ముందే చెప్పి, మర్యాదగా మూసేశారు. నేను ఇంకో సర్వర్‌కి మారాను. నన్ను అనుసరించే ముప్పైనలుగురూ నాతోపాటే వచ్చారు, నిజంగానే. కానీ రాతలు రాలేదు! మాస్టడాన్‌లో ఖాతా మారితే అనుచరులు కదుల్తారు, పాత రాతలు కదలవు. వాటిని మూటకట్టి దింపుకోవచ్చు గానీ, ఆ మూటని కొత్తచోట విప్పడానికి వీల్లేదు. చెన్నైలో చుట్టాలు దొరికారు గానీ, ఊళ్ళో మాటాడుకున్నవేవీ వెంట రాలేదన్నమాట. "ఖాతాతో సహా" అని చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పాలి.

ఇంకో గందరగోళం ఉంది. ఓపెన్ సోర్స్ అంటే వికేంద్రీకృతం అనుకుంటాం. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతుల గొడవప్పుడు మా ఇంట్లో నలుగురం సిగ్నల్‌కి మారాం. సిగ్నల్ కోడు ఎవరైనా చదవొచ్చు, కానీ మన సర్వర్ పెట్టుకుని అందులో కలవలేం. అదీ ఒకే అరుగు, కాకపోతే యజమాని మంచివాడు. నెలయ్యేసరికి అందరూ వాట్సాప్‌కే వచ్చేశారు, అత్త అక్కడే ఉంది కాబట్టి. సినిమాకి వీఎల్‌సీ, తెలుగుకి ఇండిక్ కీబోర్డు, దారికి ఓస్మాండ్ మాత్రం ఈరోజుకీ నా ఫోన్లో ఉన్నాయి. వాటిని వాడ్డానికి ఇంకొకర్ని ఒప్పించక్కర్లేదు మరి.

ఒప్పించడంలోనే మనవాళ్ళు తడబడుతున్నారని నా ఫిర్యాదు. ఇంగ్లీషులో "ఫ్రీ" అన్న ఒక్క మాటకి రెండర్థాలుండి రిచర్డ్ స్టాల్‌మన్ జీవితమంతా దాన్ని విడమర్చాల్సొచ్చింది. మనకా ఇబ్బంది లేదు. స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు. 2005లో వచ్చిన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌కీ, దాన్ని తెచ్చిన సంస్థకీ స్వేచ్ఛ అనే పేరు పెట్టుకున్నారు, చక్కటి పేరు. కానీ వీధిలో ఇంకా "ఫ్రీయేనా?" అనే అడుగుతారు, సర్వర్ ఖర్చు ఎవరిదని ఎవరూ అడగరు. పైగా మనవాళ్ళ ప్రచారమంతా గోప్యత చుట్టూనే తిరుగుతుంది. మా ఇంట్లో అత్త ఫోను మనవడే తెరుస్తాడు. ఆవిడకి గోప్యత గురించి ఏం చెప్పను? "నువ్వు చెప్పిన ముచ్చట పోదు" అంటే మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని వింటుంది. పోకుండా ఉండడం అన్నది మనకి అర్థమయ్యే స్వేచ్ఛ. ముందు అది చెప్పాలి.

పోకుండా ఉన్నవి మన దగ్గరా ఉన్నాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. మొత్తం దించుకుని, ఎవరైనా ఇంకోచోట పెట్టుకోవచ్చు. కూడలి, జల్లెడ ఉన్న రోజుల్లో ఎవరి బ్లాగు వాళ్ళది, అందరూ ఒకచోట కనపడేవారు. వికేంద్రీకృతమన్న మాట తెలీకుండానే ఆ పని చేశాం. దాన్ని ఎవరూ మూయించలేదు, మనమే ఒగ్గీసి పెద్ద అరుగుల మీదకి పోయాం. ఇంకా వెనక్కి వెళ్తే, గిడుగు రామమూర్తి సవరల నోటి మాటలు విని కట్టిన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. ప్రతులు పలుచోట్ల ఉండబట్టే అది మనదాకా వచ్చింది.

అందుకని ఇప్పుడు నేను చేసే పని ఇది. అత్త మాటలు, అర్థాలు విక్షనరీలో పెడుతున్నాను. అక్కడ మాటకి చోటుంది, ముచ్చటకి లేదు. ముచ్చట్లు నా సొంత బ్లాగులో రాసి, నెలకోసారి మొత్తం దించి, ఒక నకలు మేనకోడలి దగ్గర ఉంచుతున్నాను. మాస్టడాన్‌లోనూ వాట్సాప్‌లోనూ లంకె మాత్రం వేస్తాను. జనం ఎక్కడుంటే అక్కడ మాటాడతాను, దాచుకోవడం మాత్రం అక్కడ కాదు.

మందసలో, బొబ్బిలిలో, ఖరగ్‌పూర్‌లో ఆ మాటలు చేర్చినవాళ్ళు ఇది చదివితే మళ్ళీ ఓసారి చెప్పండి. ముఖ్యంగా ఖరగ్‌పూర్ వారు. కళ్ళం గురించి మీ నాయనమ్మ చెప్పిన ముచ్చట నాకు సగమే గుర్తుంది. ఈసారి మీ పేరుతో రాసి, ఒక నకలు మీకూ పంపుతాను.