ఫార్మింగ్టన్: ‘నకిలీ’ అన్న మాట చాలదు

ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం గురించి తెలుగులో వచ్చిన రాతలన్నిటా కనిపించే విశేషణం ‘నకిలీ’. అసలు విషయాన్ని ఆ మాటే మరుగుపరుస్తున్నదని నా అభిప్రాయం. 2011లో బయటపడిన కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ కూడా నకిలీదే. అయితే దాన్ని నడిపింది ఒక ప్రైవేటు వ్యక్తి. ఆమెకు 2014లో పదహారేళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లోని కార్యాలయ సముదాయంలో వెలిసిన ఈ రెండోదాన్ని నడిపింది సాక్షాత్తూ అమెరికా అంతర్గత భద్రతా శాఖ. దానికొక వెబ్‌సైటు, ‘జ్ఞానం, శ్రమ’ అని అర్థమొచ్చే లాటిన్ నినాదం కూడా ఉండేవి. వీటన్నిటికంటే ముఖ్యమైనది, విదేశీ విద్యార్థులను చేర్చుకోదగిన సంస్థల ప్రభుత్వ జాబితాలో దాని పేరుండటం.

2019 జనవరి చివర్లో గుట్టు విప్పేనాటికి అక్కడ సుమారు 600 మంది విద్యార్థులు నమోదయ్యారు. దాదాపు అందరూ భారతీయులు, వారిలో అధికులు తెలుగువారు. కమీషన్ తీసుకుని వారిని చేర్పించి, నేరారోపణకు గురైన ఎనిమిదిమందీ మనవాళ్ళే. నేరం ఒప్పుకున్న ఆ దళారుల పట్ల నాకు సానుభూతి లేదు.

విద్యార్థుల సంగతి వేరు. తరగతులు, అధ్యాపకులు లేరని తెలిసే చేరారన్నది ప్రభుత్వ వాదన. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. కానీ చదువులో భాగంగా తొలిరోజు నుంచే ఉద్యోగానికి వీలిచ్చే సీపీటీ, కొన్ని షరతులతో, పై చదువుల విద్యార్థులకు చట్టమే కల్పించిన వెసులుబాటు. హెచ్-1బీ లాటరీలో పేరు రాక, గడువు ముగియవస్తున్న వారు చట్టపరిధిలో నిలబడటానికి వెతుక్కునే దారి కూడా అదే. సంస్థ సక్రమమైనదో కాదో తేల్చుకోవడానికి వారికున్న ఆధారం ప్రభుత్వ జాబితా. ఆ జాబితాయే అబద్ధమాడింది. తరగతులు లేవని గ్రహించి వేరేచోటికి మారజూసిన వారూ ఉన్నారని వారి న్యాయవాదులు చెప్పారు.

వైద్యంలో, వ్యాధి ఉందో లేదో తేల్చే పరీక్షే వ్యాధిని అంటిస్తే ఆ పరీక్షను వెంటనే ఆపేస్తాం. ఇక్కడ జరిగింది అదే. అప్పటిదాకా సక్రమ వీసాతో ఉన్నవారు, ప్రభుత్వమే తెరిచిన ద్వారంలో అడుగుపెట్టి ‘అక్రమ వలసదారులు’ అయ్యారు. 2019 నవంబరుకు అరెస్టులు 250కి చేరాయి. వారిలో ఎనభై శాతం దాకా ‘స్వచ్ఛందంగా’ దేశం విడిచి వెళ్ళారట! అప్పు చేసి వచ్చినవాడి కాలికి ట్రాకర్ కట్టాక ఆ విశేషణానికి మిగిలే అర్థమేమిటి?

ఇది తొలిసారి కూడా కాదు. 2013లో ఇదే పద్ధతిలో నార్తర్న్ న్యూజెర్సీ విశ్వవిద్యాలయాన్ని పెట్టి 2016లో మూసేశారు. తమ వీసా హోదా రద్దును ప్రశ్నించే వీలు అక్కడి విద్యార్థులకు ఉందని 2019లో ఒక అప్పీలు న్యాయస్థానం తేల్చింది. ఫార్మింగ్టన్ విద్యార్థుల ఫీజుల వ్యాజ్యం మరో దారి పట్టింది. ఇది నేరపరిశోధనలో భాగంగా జరిగిన ఒప్పందం కనుక తన విచారణ పరిధిలోకి రాదని కింది న్యాయస్థానం 2022లో కొట్టివేసింది. 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును తిరగదోడింది. ఫీజు పుచ్చుకుని పాఠం చెప్పని ప్రభుత్వం ఒప్పందం తప్పిందా లేదా అన్నదే అక్కడి ప్రశ్న. పోయిన హోదా మాట ఆ వ్యాజ్యంలో లేదు.